తల ఎత్తి చేసిన ప్రార్థన

తల ఎత్తేవాడా, నీకు స్తోత్రం. వంగినవాళ్ళను లేవనెత్తే దేవా, నీ నామానికి మహిమ. మేము తెలిసీ తెలియక నీ పేరు మీద చెప్పిన మాటలన్నిటినీ విని కూడా మమ్మల్ని నీ సన్నిధిలోంచి తోసివేయనందుకు వందనాలు. మేము పొరపాటు పడిన చోట నువ్వు పొరపాటు పడనందుకు మరీ మరీ వందనాలు. ఈ నాలుగు మాటలూ దాచకుండా రాసే ధైర్యాన్ని ముందుగా నిన్నే అడుగుతున్నాను.

మొన్న ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ఎప్పటిలాగే, "తలలు వంచి, కన్నులు మూసుకుని ప్రార్థిద్దాం" అన్నారు. హాలులో అందరి తలలూ ఒక్కసారిగా వంగాయి. నా తలా వంగింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. ఓరగా మూడో వరుస చివర, కిటికీ పక్క కుర్చీ వైపు చూశాను. కొన్నేళ్ళ అలవాటు అది. అన్ని వంచిన తలల మధ్య ఆ కుర్చీలో ఒక్క ముఖం మాత్రం పైకెత్తి ఉండేది, కళ్ళు తెరుచుకుని, పైన తిరిగే ఫ్యానును దాటి ఇంకెక్కడికో చూస్తున్నట్టు. మొన్న ఆ కుర్చీలో ఎవరిదో హ్యాండ్‌బ్యాగు ఉంది. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళి రెండు నెలలయింది. నేను ఇంకా అటు చూస్తూనే ఉన్నాను.

ఆమె పేరు రాయను. రాయకపోవడం ఆమెకే ఇష్టం. మా సంఘంలో ప్రార్థన మనవులు చిన్న చీటీల మీద రాసి పెట్టెలో వేస్తారు. స్త్రీల కూడిక చూసుకునేదాన్ని కాబట్టి వాటిని విప్పి చదివే పని నాది. అందరి చీటీల మీదా పేర్లుంటాయి, కొందరైతే ఇంటిపేరుతో సహా రాస్తారు. ఆమె చీటీ మీద మాత్రం ప్రతి వారం ఒకే రెండు మాటలు: "తలకాయ నొప్పి. అదే మనిషి."

"పేరు రాయొచ్చు కదమ్మా" అన్నాను ఒకసారి.

"ఎందుకక్కా? ఆయనకు తెలీదా? నీకు తెలీదా? ఇంకెవురికి తెలియాల?"

మేము కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన ఇక్కడి ఫ్యాక్టరీలో చేరాక హోసూరు మా ఊరయింది. తమిళ ఆరాధన ముగిశాక పదకొండు గంటలకు అదే హాలు మా తెలుగువాళ్ళకు ఇస్తారు. మాలో ఎక్కువమంది నాలాగే ఉద్యోగాల వెంట వచ్చినవాళ్ళు. ఆమె అలా కాదు. అత్తిముగం దగ్గర తరతరాలుగా రాగులు, బీన్సు పండించుకునే తెలుగు కుటుంబం వాళ్ళది. "మీరంతా వచ్చినోళ్ళు. నేను ఉన్నదాన్ని" అని మమ్మల్ని ఆటపట్టించేది. నాకంటే పదేళ్ళు చిన్న. భర్త సూళగిరి నుంచి కూరగాయలు తోలే టెంపో నడుపుతాడు. పిల్లలు లేరు. ప్లాస్టిక్ పందిరి కింద గులాబీలు పెంచే పాలీహౌస్‌లో, పూలు ఏరి కట్టలు కట్టే షెడ్డులో ఆమె పని.

ఒకసారి ఆమె పని చూడటానికి వెళ్ళాను. బల్ల మీద కోసిన గులాబీలు గుట్టగా ఉంటే ఒక్కొక్క కాడను ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళు మొగ్గ కింద పెట్టి, మెల్లగా పైకెత్తి వదిలేది. నిలబడితే ఒక పక్క, వాలిపోతే ఇంకో పక్క. మెడ వాలిన పువ్వు ఎంత ఎర్రగా ఉన్నా ఎగుమతికి విమానం ఎక్కదు. దాన్ని పారేస్తారు. ఆమె మాత్రం వాటిలో కొన్నిటిని అడిగి తెచ్చుకుని ఆదివారం ఆరాధన బల్ల మీద జాడీలో పెట్టేది. పాస్టరమ్మగారు ఒకసారి, "దేవునికి మంచివి తేవాలి కదమ్మా" అంటే, ఆమె జాడీలోని పూలను ఒక్కొక్కటిగా రెండు వేళ్ళతో ఎత్తి, ఒకదానికొకటి ఆనించి నిలబెడుతూ, "మెడ వాలినవి యాడికి పోతాయమ్మా మరి? ఈడికే కదా రావాల" అంది. అందరం నవ్వాము. నా చేతిలోని పాటల పుస్తకం మీద ఒక రేకు రాలింది. దాన్ని ఆ పుస్తకంలోనే ఉంచాను. ఇప్పుడది నల్లబడిపోయింది.

తలనొప్పి ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఎప్పుడూ ఎడమ పక్కనే. దానికి ఆమె పెట్టుకున్న పేరు "చుట్టం". చుట్టం వచ్చే ముందు కంటి ఎదుట పండు మిరపకాయలు దండ గుచ్చినట్టు మెరుపులు వంకర టింకరగా కదిలేవట. "ఇదో, తోరణం కట్టినారు. ఇంక దిగతాడు చుట్టం" అనేది. దిగాక మాట ఉండేది కాదు. ఆదివారం అయితే వెనక గదిలో, దుప్పట్లు పెట్టే బీరువాకూ గోడకూ మధ్య చీకట్లో కూర్చుని, తడి తువ్వాలు తలకు బిగించి కట్టుకునేది. తబలా మోగితే ఆమె భుజాలు ముడుచుకుపోవడం తలుపు సందులోంచి కనిపించేది. అయినా ఆరాధన మానేది కాదు. "చుట్టాన్ని ఇంటికాడ ఒక్కణ్ణే వదిలి వస్తే ఏం బాగుంటాదక్కా? కూడా తీసుకొచ్చినాను" అనేది, పాలిపోయిన ముఖంతో.

కృష్ణగిరిలో ఒక డాక్టరు మైగ్రేన్ అని తేల్చి, స్కాన్ తీయించి, మెదడులో రెండు మూడు చోట్ల తెల్ల మచ్చలున్నాయనీ, మైగ్రేన్ ఉన్నవాళ్ళలో అలాంటివి కనిపించడం ఉందనీ, అయినా కొత్త లక్షణం ఏది వచ్చినా వెంటనే రమ్మనీ చెప్పాడు. ఆ మాట ఆమె నాకు చెప్పింది. నేను విన్నాను. డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. వినాల్సిన చోట మేమున్నాము.

ఆ కొత్త లక్షణం మా ఇంట్లోనే వచ్చింది.

బుధవారం స్త్రీల కూడిక మా ఇంట్లో జరిగేది. చాపల మీద ఎనిమిది, తొమ్మిదిమంది. మేమంతా ఉపవాసాలుండి ఆత్మ శక్తి కోసం కనిపెట్టుకుని ఉన్న రోజులవి. నేనైతే ఏదో ఒక గుర్తు కోసం ఆకలితో ఎదురుచూస్తున్నాను. మోకరించి తలలు వంచాము. ఆమె ఉలిక్కిపడి "అమ్మా" అని నిటారుగా లేచింది. ప్రార్థన అయ్యాక నా మోచేయి పట్టుకుంది.

"అక్కా, తల వంచితే మెడ కాడ్నించి నడుంలోకి కరెంటు పారినట్ల పోతాంది. కాళ్ళ దాకా పోయి చల్లారిపోతాది. మళ్ళా తల ఎత్తితే ఏమీ లేదు."

"ఎప్పటినుంచి?"

"ఈ వారంగా."

నేను మనసులో లెక్కపెట్టాను. ఉపవాసం మొదలుపెట్టి సరిగ్గా వారం. ఆమెను కౌగిలించుకున్నాను. "భయపడకు తల్లీ. దేవుడు నిన్ను ముట్టాడు. ఆత్మ స్పర్శ అది" అన్నాను. గదిలో అందరూ స్తోత్రం చెప్పారు. ఆమె ముఖంలోకి మెల్లగా ఒక వెలుగు వచ్చింది. నేనెంత పొరపాటు పడినా, ఆ వెలుగు ఉందని మాత్రం ఇప్పటికీ ఎవరి ముందైనా చెబుతాను. చిన్నప్పటి నుంచీ నొప్పి తప్ప ఇంకేమీ ఎరగని ఆ తలను దేవుడు ముట్టాడంటే ఆమె పసిపిల్లలా నవ్వింది.

తర్వాత అడిగింది. "అక్కా, నిన్న కూరకు అనపగింజలు తోలు తీసి పితికేటప్పుడు గూడా వచ్చినాది. తల వంచుకొని పితుకుతా ఉన్నాను, జర్రున పోయినాది. ఆడ గూడా ఆత్మేనా?"

"ఏం, దేవుడు వంటింట్లోకి రాకూడదా?" అన్నాను.

ఆ జవాబు అందరికీ నచ్చింది. నాకు మరీ నచ్చింది. ఆ వారంలో దాన్ని ఇంకో ఇద్దరికి చెప్పుకున్నాను కూడా. అన్నిటినీ పరీక్షించి మంచిదాన్నే పట్టుకోమని వాక్యం చెబుతుంది. ఆ మాట మీద నేను ఎన్నిసార్లు పాఠం చెప్పానో! ఆలయంలో పడుకున్న ఒక పసివాడు దేవుడు పిలిస్తే ముసలి యాజకుడు పిలిచాడనుకుని లేచి పరుగెత్తిన సంగతి మనందరికీ తెలుసు. నేను దాన్ని తిరగేసిన పొరపాటు చేశాను. ఆమె ఒళ్ళు పిలుస్తుంటే దేవుడు పిలిచాడనుకున్నాను. పిలిచేది దేవుడని ఆ ముసలాయన మూడోసారికైనా గ్రహించాడు. నాకు రెండేళ్ళు పట్టింది.

దేవుడు చేసింది సంఘం ముందు చెప్పమని నేనే పట్టుబట్టి ఆమెతో సాక్ష్యం చెప్పించాను. "నాకు మాట్లాడేదానికి రాదక్కా" అంటే, "నాలుగు మాటలు చాలు" అన్నాను. చేతులు కొంగులో దాచుకుని మైకు ముందు నిలబడి నాలుగే మాటలు చెప్పింది. హాలు స్తోత్రాలతో నిండింది. ఆ తర్వాత ఆడవాళ్ళు తమ తల మీద చేయి పెట్టమని ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. "ముండ్లు గుచ్చుకున్న చెయ్యమ్మా ఇది. పెట్టించుకుంటే గీరుకుంటాది, వద్దు" అని నవ్వి తప్పించుకునేది.

సాక్ష్యం చెప్పినవాళ్ళు మా సంఘంలో ఆ మాటను వెనక్కి తీసుకోరు. దేవుడు చేశాడని చెప్పి, మళ్ళీ డాక్టరు దగ్గర అదే సంగతి జబ్బని చెబితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే అనుకుంటాము. ఆమె కూడా అలాగే అనుకుంది. కరెంటు సంగతి మళ్ళీ ఎత్తలేదు. మిగిలినవన్నీ చుట్టం ఖాతాలో పడిపోయాయి. ఒక ఆదివారం ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా హాలులోకి వచ్చింది. మేమంతా నవ్వితే కిందికి చూసుకుని తనూ నవ్వింది. "బస్సులోనే పోయినట్లుండాది. కాలు మొద్దుబారినాదక్కా, చెప్పు జారింది గూడా తెలీలే." తలనొప్పి మాత్రల వేడి అయ్యుంటుందన్నాను. ఎండాకాలం పాలీహౌస్‌లోకి వెళ్తే కాళ్ళు పిండిముద్దలయ్యేవట, పూలు నిల్వ ఉంచే చల్లగదిలో కాసేపు నిలబడితే మళ్ళీ బలం వచ్చేదట. ఎండ ఎవరికి పడుతుందిలే అన్నాను. చీటీ మాత్రం మారలేదు. "తలకాయ నొప్పి. అదే మనిషి." అన్ని నొప్పులూ ఒక్క తలలోంచే కదా అని ఆమె లెక్క. నేను ఆ చీటీని విప్పకుండానే చదివేదాన్ని.

చివరికి ఎర్రరంగు మమ్మల్ని లేపింది.

ఒక ఆదివారం జాడీలో పూలు పెడుతూ నన్ను పిలిచింది. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని ఒక పువ్వు నా ముందు పెట్టింది. "ఇది ఏం రంగక్కా?"

"ఎరుపే కదా!"

చేయి తీసి కుడికన్ను మూసుకుంది. "ఈ కంటికి ఎరుపే." మళ్ళీ చేయి మార్చింది. "ఈ కంటికి కడిగేసిన ఇటుక మాదిరి ఉండాది. కన్ను తిప్పితే లోపల గుంజతాది. శుక్రవారం రంగులు కలిపి కట్టేసినానంట. షెడ్డులో సూపర్‌వైజరు నవ్వినాడు. ఏమమ్మా, కండ్లద్దాలు కావాల్నా అని."

ఆమె కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. పదిహేనేళ్ళుగా ఎరుపులో ఎన్ని ఎరుపులున్నాయో వేలితో చూపించగల మనిషి ఆమె. నాకు మొదటిసారి భయం వేసింది.

బెంగళూరుకు నేనే తీసుకెళ్ళాను. భర్త టెంపోలో బస్టాండు దాకా దింపి, "మీరు చదువుకున్నోళ్ళు. అడగాల్సింది మీరే అడగండమ్మా" అన్నాడు. ఆ నమ్మకం ఇప్పటికీ నా మీద బరువుగానే ఉంది.

నరాల డాక్టరు వయసు మళ్ళినావిడ, కోలారు వైపు తెలుగు మాట్లాడింది. కళ్ళు చూసింది, కాళ్ళు తట్టి చూసింది, పాత స్కాన్‌నూ కొత్త స్కాన్‌నూ వెలుతురుకు పట్టి పక్కపక్కన చూసింది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని అడిగింది.

"మెడ కిందికి వంచితే వీపులోకి కరెంటు పోయినట్టు ఉంటాదామ్మా?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఈ పాటికి మరిచిపోయేదాన్నేమో. కోపం లేదు. నేను ఏమైపోతానో అని చూసింది.

"ఉంటాది మేడం. రెండేండ్లుగా."

"రెండేండ్లా! ఎవురికీ చెప్పలేదా?"

"చెప్పినాను మేడం. దేవునికి చెప్పినాను."

డాక్టరు నిట్టూర్చి కాగితం మీద ఏదో రాసుకుంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. "నాకు చెప్పింది డాక్టరుగారూ, నేనే దేవుని స్పర్శ అన్నాను" అనడానికి ఒక్క క్షణం కావాలి. ఆ క్షణం నా ముందు నుంచి నడిచి వెళ్ళిపోయింది.

వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశాక రోగం పేరు తెలిసింది. మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ ఉన్నట్టు నరాల మీద ఒక తొడుగు ఉంటుందట. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దారి తప్పి ఆ తొడుగును అక్కడక్కడా కొరికేస్తుందట. మెడ దగ్గర కొరికిన చోటు తల వంచినప్పుడు సాగి, అక్కడినుంచి ఆ జర్రుమనడం పుడుతుందట.

"అయితే ఆమె తలనొప్పే ఇట్లా మారిందా డాక్టరుగారూ?" అని అడిగాను.

"కాదు. ఒకటి ఇంకోటిగా మారదు" అంది. "ఒకే ఇంట్లో బాడుగకు ఉండే ఇద్దరు అనుకోండి. ఈ జబ్బు ఉండే ఇండ్లలో మైగ్రేన్ గూడా కాపురం ఉండడం కొంచెం ఎక్కువగానే చూస్తాము. ఎందుకో ఇంకా పూర్తిగా తెలీదు. కానీ మైగ్రేన్ ఉండే శానామందికి ఈ రెండోది ఎప్పటికీ రాదు. మీ సంఘంలో పోయి ఎవుర్నీ భయపెట్టొద్దండి. ఈమె ఇంట్లో ఏమైందంటే, మొదటివాడు పెద్దగా అరిచేవాడు. ఆ అరుపులో రెండోవాడి అడుగుల చప్పుడు ఎవురికీ వినబడలే."

ఆమె చటుక్కున అంది. "చుట్టాన్ని చూస్తా కూర్చుంటిమి మేడం. దొంగ ఆ పక్క వాకిట్లోంచి వచ్చినాడు." డాక్టరు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ముందే వచ్చి ఉంటే ముందే మందు మొదలయ్యేదనీ, ఒంట్లో బలం ఇంకెంత మిగిలేదో ఎవరూ చెప్పలేరు గానీ కొంత మిగిలేదనీ డాక్టరు అంది. ఆ "కొంత" అన్న మాట దగ్గరే నేను ఇప్పటికీ నిలబడి ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు అత్తిబెలె దాటింది. తర్వాత నేనే, "నన్ను క్షమించమ్మా" అన్నాను.

"ఎందుకక్కా? నువ్వు కరెంటాఫీసులో పని చేస్తావా ఏమన్నా?" అంది. నేను ఏడుస్తుంటే కొంగు అందించింది. కొంగుకు గులాబీ ఆకుల పచ్చి వాసన. తర్వాత గంభీరంగా అడిగింది. "ఒకటి అడగతాను. కరెంటు జబ్బుదే. సరే, ఒప్పుకుంటిని. మరి ఆ పొద్దు నాకు కలిగిన సంతోషం? అది గూడా జబ్బేనా?"

నేను నోరు తెరిచాను.

"వద్దక్కా, నువ్వు జవాబు చెప్పొద్దు. నువ్వు జవాబు చెప్తే నాకు భయం."

ఈసారి ఇద్దరం నవ్వాము. ముందు సీటులో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. హోసూరులో దిగే ముందు ఆమె నా చేయి పట్టుకుంది. "ఆదివారం నా సాక్ష్యం నేనే మార్చి చెప్తాను. నా మాదిరి ఇంకెవురన్నా దాచిపెట్టుకోని ఉంటే? నువ్వు పక్కన నిలబడతావా?"

"నిలబడతాను" అన్నాను.

ఆదివారం వచ్చింది. ఆమె కుర్చీలు పట్టుకుంటూ మైకు దగ్గరికి నడిచింది. ఈసారి చేతులు కొంగులో దాచుకోలేదు. నా వైపు చూసింది. నా ఒళ్ళో చీటీల పెట్టె ఉంది. ఎనిమిదేళ్ళుగా నా మాటను దేవుని వాక్యం తర్వాత అంతటిదిగా వింటున్న ఆడవాళ్ళు నా చుట్టూ ఉన్నారు. నేను తల వంచుకున్నాను, ప్రార్థన చేసుకుంటున్నదానిలా. చూసినవాళ్ళు ప్రార్థనే అనుకుని ఉంటారు. ఆమె అనుకోలేదు. దేవుడు అనుకోలేదు.

ఆమె ఒక్కతే చెప్పింది. "రెండేండ్ల కిందట ఈడనే నిలబడి, దేవుడు నన్ను ముట్టినాడు, కరెంటు మాదిరి వచ్చినాడు అని చెప్పినాను. ఆ కరెంటు ఆయనది కాదు, జబ్బుది. ఎవురూ నాకు తప్పు చెప్పలే, నాకే తెలీలే. దేవుడు నన్ను ముట్టలేదని చెప్పడం లేదు. ఆయన్ని నమ్మేదానికి నాకు కరెంటు పని లేదు. మీలో ఎవురికన్నా తల వంచితే ఇట్ల ఉంటే నా కాడికి రావద్దండి. డాక్టరు కాడికి పోండి. పోయేటప్పుడు ప్రార్థన చేసుకొని పోండి."

స్తోత్రాలు లేవు.  పాస్టరు గారు లేచి ఆమేన్ అన్నారు. "ఎవురూ నాకు తప్పు చెప్పలే" అని ఆమె చెప్పింది అబద్ధం. ఆమె నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. అది నా కోసం చెప్పింది.

ఆ రోజు నుంచే ఆమె తల ఎత్తి ప్రార్థించడం మొదలుపెట్టింది. వంచితే కరెంటు కాబట్టి. కొత్తగా వచ్చినవాళ్ళు గర్వమనుకునేవాళ్ళు. మన ప్రభువే కన్నులు పైకెత్తి తండ్రితో మాట్లాడాడని నేను వాళ్ళకు చెప్పేదాన్ని. అది చెప్పడానికి ధైర్యం ఉండేది, మిగతాది చెప్పడానికి ఉండేది కాదు. సంఘంలో తలనొప్పి ఉన్న ఒక కోడలుపిల్ల భయపడి ఏడుస్తూ వస్తే ఆమే ఓదార్చింది. "నీది తలనొప్పే తల్లీ. చుట్టాన్ని చుట్టంగానే చూడు. కొత్త మనిషి ఎవురన్నా ఇంట్లోకి వస్తే మాత్రం దాచిపెట్టుకోవద్దు."

సూదిమందులు కొన్నేళ్ళు బాగానే నిలబెట్టాయి. తర్వాత చేతికర్ర వచ్చింది, దాని తర్వాత చక్రాల కుర్చీ. షెడ్డు పని పోయింది. తోటి ఆడవాళ్ళు మెడ వాలిన పూలను బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్ళు. ఎండాకాలం మెడ చుట్టూ తడిగుడ్డ వేసుకుని, హాలులో కిటికీ పక్క తన కుర్చీలోకి మారి కూర్చుని, ఒణికే రెండు వేళ్ళతో ఒక్కొక్క పువ్వునూ ఎత్తి నిలబెట్టేది. దానికి అరగంట పట్టేది. అయ్యేదాకా మేము పాట మొదలుపెట్టేవాళ్ళం కాదు. చీటీలో మాత్రం ఒక మార్పు వచ్చింది. "తలకాయ నొప్పి" పోయి, ప్రతి వారం ఇంకెవరిదో మనవి ఉండేది. కోడలుపిల్ల పరీక్షలు, పాస్టరమ్మగారి మోకాళ్ళు, మా ఆయన బదిలీ. కింద మామూలే: "అదే మనిషి."

చివరిసారి కృష్ణగిరి ఆసుపత్రిలో చూశాను. న్యుమోనియా. మాట నీరసంగా వస్తోంది. ఆరేళ్ళుగా మోస్తున్నది ఆ రోజు చెప్పేయాలనుకున్నాను. "ఆ ఆదివారం నీ పక్కన నిలబడతానన్నాను, నిలబడలేదు" అన్నాను. అంతవరకే చెప్పగలిగాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అలవాటుగా, ప్రార్థన కోసం తల వంచాను. ఏ ప్రార్థన చేయాలో తెలియలేదు.

గడ్డం కింద ఏదో తగిలింది. ఆమె రెండు వేళ్ళు. ముళ్ళ మచ్చలున్న ఆ రెండు వేళ్ళలో బలం లేదు. అయినా అవి నా ముఖాన్ని మెల్లగా పైకెత్తి, వదిలి, నిలబడుతుందో లేదో చూశాయి.

"ఎత్తక్కా" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ సంతోషం జబ్బుది కాదు. ఇప్పుడు గూడా ఉండాది. కరెంటు లేకుండానే."

ఆమెను పొలం గట్టున, వాళ్ళ వాళ్ళ పక్కన పెట్టారు. ఆమె భర్త నాతో, "మీరు లేకపోతే మాకు జబ్బు పేరు గూడా తెలిసేది కాదమ్మా" అన్నాడు. ఆమెతో నేనేం అన్నానో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఈ రాత అచ్చయ్యాక మొదట ఆయన చేతికే ఇస్తాను. ఆయనకు తమిళం తప్ప చదవడం రాదు కాబట్టి నేనే పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. ఏమన్నా వింటాను.

సహోదరీ సహోదరులారా, ఆమె సాక్ష్యం మార్చి చెప్పిన రోజు నేను లేవాల్సింది. ఇప్పుడు లేస్తున్నాను. అది దేవుని స్పర్శ అని చెప్పింది నేను. డాక్టరు దగ్గరికి వెళ్ళనివ్వనిది నా మాట. ఆమె నన్ను క్షమించింది. అయినా ఆదివారం ఆ కుర్చీ వైపు చూసిన ప్రతిసారీ ఆ పైకెత్తిన ముఖం కోసం నా ప్రాణం కొట్టుకుంటుంది. ఇంకొక్కసారి చీటీ విప్పి "అదే మనిషి" అని చదవాలనుంది. ఇంకొక్కసారి "నువ్వు జవాబు చెప్పొద్దు" అనిపించుకోవాలనుంది.

ఇది చదువుతున్న చోటే, దయచేసి నాతో కలిసి ప్రార్థించండి. ఈ ఒక్కసారికి తలలు వంచవద్దు. మీ పక్కన ఎవరైనా తల వాల్చి ఉంటే రెండు వేళ్ళతో వాళ్ళ గడ్డం ఎత్తండి. ఎవరూ లేకపోతే మీదే మీరు ఎత్తుకోండి. కళ్ళు తెరిచే ఉంచి నాతో అనండి:

తండ్రీ, మా ఒళ్ళు నొప్పితో పిలిచినప్పుడు వినే చెవి మాకు ఇవ్వు. నీ పేరు చెప్పి ఎవరి నోరూ మూయకుండా మమ్మల్ని కాపాడు. పొరపాటు పడినవాళ్ళు లేచి ఒప్పుకునేదాకా ఓపిక పట్టు. మెడ వాలిన వాళ్ళందరం నీ దగ్గరికే వస్తాము, ఇంకెక్కడికి పోతాము? మమ్మల్ని ఎత్తి నిలబెట్టు. నీ దగ్గర కూర్చుని ఉన్న ఆమెకు మా వందనాలు చెప్పు. పేరు చెప్పనక్కరలేదు. అదే మనిషి. ఆమేన్.